వాషర్ వద్దంది, డ్రైయర్ తీసుకుంది: ఒక కాయిన్ లాండ్రీలో కెనడా క్వార్టర్ల కేసు

ఫిర్యాదు మామూలుదే. వాషర్లు క్వార్టర్లు, అంటే 25 సెంట్ల బిళ్లలు, తీసుకోవట్లేదు. కస్టమర్ బిళ్ల వేస్తాడు, అది టంగుమని కింద గిన్నెలో పడుతుంది. మళ్లీ వేస్తాడు, మళ్లీ పడుతుంది. నాలుగోసారికి కౌంటర్ దగ్గరికొచ్చి గొడవ. ఓనర్ ఫోన్ చేసి చెప్పింది కూడా అదే: "తమ్ముడూ, వాషర్లలో కాయిన్ యాక్సెప్టర్లు వరసగా పోతున్నట్టున్నాయి. కొత్తవి ఎంతవుతాయో చెప్పు."

యాక్సెప్టర్ అంటే పడిన బిళ్ల అసలుదో కాదో చూసే భాగం. అది పాడైతే ఒక మెషీన్‌ది పాడవుతుంది. ఒకే వరసలో ఉన్న మెషీన్లన్నీ ఒకే నెలలో ఒకేలా మొరాయిస్తే నేను ముందు మెషీన్‌ని కాదు, బిళ్లని చూస్తాను. అందుకే ధర చెప్పకుండా ఒకటే అడిగాను: బయటికి వచ్చేసిన బిళ్లలు దాచారా? దాచారట. వాళ్లావిడ ఓపిగ్గా ఒక కాఫీ డబ్బాలో వేస్తూ వచ్చారు.

ఇండియాలో ఉండి చదివేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ వాషింగ్ మెషీన్ ఉండదు. బట్టల మూట పట్టుకుని కాయిన్ లాండ్రీకి పోవాలి. అక్కడి మెషీన్లు ఎక్కువగా 25 సెంట్ల బిళ్లతో నడుస్తాయి, దాన్నే క్వార్టర్ అంటారు. ఐదు డాలర్ల నోటు ఛేంజ్ మెషీన్‌లో పెడితే 20 క్వార్టర్లు గలగలా రాలతాయి. నేను చేసేది ఈ మెషీన్ల సర్వీస్ పని. ఈ షాపు డెట్రాయిట్ శివార్లలో ఉంది. డెట్రాయిట్ దగ్గర నది దాటితే కెనడాలోని విండ్సర్. 1929లో తెరిచిన అంబాసిడర్ బ్రిడ్జి మీదుగా, 1930లో తెరిచిన సొరంగం గుండా అటూ ఇటూ రోజూ ఉద్యోగాలకు తిరిగేవాళ్లున్నారు. షాపు ఓనర్లు తెనాలి వైపు దంపతులు. వాషర్లు ఈమధ్యే కొన్నవి. డ్రైయర్లు మాత్రం షాపుతో పాటే వచ్చిన పాతవి. ఈ కేసు మొత్తానికి మూలం ఆ తేడాలోనే ఉంది.

డబ్బా బల్ల మీద బోర్లిస్తే ఎక్కువ భాగం కొమ్ముల దుప్పి బొమ్మలే. కెనడా 25 సెంట్ల బిళ్ల మీద 1937 నుంచీ ఉన్నది కారిబూ తల. అమెరికా క్వార్టర్ అడ్డకొలత 24.26 మిల్లీమీటర్లు, కెనడాది 23.88. మందం 1.75 ఒకదానిది, 1.58 ఇంకోదానిది. వేళ్లకు ఈ తేడా తెలియదు. రెండూ వెండి రంగే, రెండింటి అంచుకూ గాట్లు ఉంటాయి, రెండింటి మీదా ఒక మనిషి తల ఉంటుంది. బరువులో మాత్రం బాగా తేడా ఉంది. అమెరికాది 5.67 గ్రాములు, ఇప్పటి కెనడాది 4.4. కానీ గుప్పెడు క్వార్టర్లు పట్టుకున్నవాడు ఒక్కోదాని బరువు చూడడు కదా.

కొత్త వాషర్‌లోని యాక్సెప్టర్ చేసేది వేరే పని. దాని లోపల ఒక అసలు క్వార్టర్‌ని నమూనాగా బిగించి ఉంచుతారు. పడిన బిళ్ల తీగచుట్టల మధ్య నుంచి జారుతుంది. ఆ క్షణంలో అది ఇచ్చే సిగ్నల్ నమూనా బిళ్ల ఇచ్చే సిగ్నల్‌తో సరిపోతేనే దారి తెరుచుకుంటుంది. అంటే అది చూసేది బొమ్మనూ కాదు, ఒక్క సైజునే కాదు. లోహాన్ని కూడా చూస్తుంది. 1965 నుంచి వచ్చిన అమెరికా క్వార్టర్‌కి నడుమ స్వచ్ఛమైన రాగి, పైనా కిందా రాగి-నికెల్ మిశ్రమం పూత పొరలు. అంచు తిప్పి చూస్తే ఎర్రటి గీత కనబడేది అందుకే. వెండి మానేసి ఈ పొరల బిళ్లకు మారినప్పుడు అప్పటికే దేశమంతా ఉన్న వెండింగ్ మెషీన్లు ఆగిపోకూడదని ఈ లోహాల జోడీని ఎంచుకున్నారు. ఇప్పటి కెనడా బిళ్ల నూటికి 94 పాళ్లు ఉక్కు, పైన రాగి, నికెల్ పూతలు. సిగ్నల్ ఎక్కడా కలవదు. వాషర్ దాన్ని ఉమ్మేయడం న్యాయమే. అంటే యాక్సెప్టర్లు చక్కగా పనిచేస్తున్నాయి.

ఓనర్ మొహం తేలికపడింది గానీ, ఆయన వెంటనే అడిగిన ప్రశ్న అసలైనది: "మరి ఇన్ని కెనడా బిళ్లలు నా షాపులోకి ఎలా వస్తున్నాయి? వాషర్లు తీసుకోవట్లేదంటావు. ఇంతకుముందు లేని గొడవ ఇప్పుడెందుకు?"

ఆయనకు అనుమానం మనుషుల మీద. విండ్సర్ నుంచి వచ్చేవాళ్లెవరో కావాలని తెచ్చి వేస్తున్నారని. లెక్క వేస్తే అది నిలవదు. కెనడా డాలర్ 72 అమెరికా సెంట్లు ఉందనుకుంటే, వాళ్ల 25 సెంట్లు అమెరికా 18 సెంట్లు. ఒక బిళ్ల మీద మిగిలేది 7 సెంట్లు. ఆరు డ్రైయర్ల దగ్గర నిలబడి గంటసేపు మోసం చేసినా కాఫీ డబ్బులు రావు. సరిహద్దు ఊళ్లలో పరాయి బిళ్లలు మోసం వల్ల తక్కువ, మనుషులు పట్టించుకోకపోవడం వల్ల ఎక్కువ తిరుగుతాయి. సైజు, రంగు కలిసిన బిళ్లని చెయ్యి ఆపదు. డెట్రాయిట్ కిరాణా కొట్లలో కెనడా సెంటు, డైమ్ (10 సెంట్ల బిళ్ల) చిల్లరలో వచ్చినా ఎవరూ వెనక్కివ్వరు. ఈ షాపు కౌంటర్ గల్లాలోనూ కెనడా సెంట్లు కొన్ని ఉన్నాయి. రెండు దేశాల సెంట్లూ ఒకే సైజు, 19.05 మిల్లీమీటర్లు. కెనడా తన సెంటును 2012లోనే ఆపేసింది, అమెరికా 2025 నవంబరులో ఆపింది. వాటి గురించి ఎవరికీ టెన్షన్ లేదు.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఇలాంటిదే ఇంకొకటి గుర్తుంటుంది. ఫిలిప్పీన్స్ పాత 1 పెసో, యూఏఈ 1 దిర్హామ్ రెండూ 24 మిల్లీమీటర్లే. విలువలో దిర్హామ్ ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ వెండింగ్ మెషీన్లలో పెసోలు వేసినవాళ్లున్నారు, అది మోసమే. మన కేసులో 7 సెంట్లకు ఆ ఆశ లేదు.

సరే, దారి ఎక్కడుంది? పాత డ్రైయర్లు తెరిచాను. వాటిలో ఎలక్ట్రానిక్స్ లేవు. బిళ్ల ఒక పట్టా మీద దొర్లుతుంది. సైజు తక్కువైతే పక్కనున్న సందులోంచి జారి బయటికి పోవాలి, ఇనుముదైతే అయస్కాంతం పట్టుకోవాలి. ఈ రెండూ సరిగా ఉంటే కెనడా బిళ్ల దాటదు. ఇక్కడ సందుని సర్దే మర ఏళ్ల తరబడి అదురుకి వదులైపోయింది. అయస్కాంతం మీద బట్టల నూగు మట్టిలా గట్టిపడింది. డ్రైయర్ ఉన్న చోట నూగు దూరని సందు ఉండదు. అది మెత్తగానే ఉంటుంది గానీ, కాయిన్ మెకానిజంలోకి చేరి తేమ తగిలితే బంక అవుతుంది. నేను చూసే పాత డ్రైయర్ సమస్యల్లో చాలావాటికి కారణం అదే. ఈ డ్రైయర్ల పెట్టెలు తెరిస్తే ప్రతిదాంట్లోనూ కారిబూలు ఉన్నాయి.

దీనితో సగం ప్రశ్నకే జవాబు దొరికింది. డ్రైయర్ తీసుకున్నది డ్రైయర్ పెట్టెలోనే ఉండాలి. వాషర్ల ముందు గొడవ పడుతున్నవాళ్ల చేతిలోకి ఎలా వెళ్లింది? ఇంటి నుంచి తెచ్చుకున్నారా? అడిగితే అందరూ ఒకటే మాట: "మీ ఛేంజ్ మెషీన్ ఇచ్చిన బిళ్లలే ఇవి."

నిజమే చెప్తున్నారు. షాపు అలవాటు ఏమిటంటే, సాయంత్రం డ్రైయర్ల పెట్టెలు ఖాళీ చేసి, ఆ క్వార్టర్లనే ఛేంజ్ మెషీన్ తొట్టిలో పోస్తారు. బ్యాంకు నుంచి రోల్స్, అంటే కాగితంలో చుట్టిన బిళ్లలు, తెచ్చుకునే శ్రమ తప్పుతుంది. అన్ని లాండ్రీలూ చేసేదే. తొట్టి బిళ్లలని లెక్కపెట్టి బయటికి తోస్తుంది, వాటి జాతి చూడదు. అంటే కెనడా బిళ్ల డ్రైయర్ పెట్టెలోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి కస్టమర్ చేతికి వెళ్తోంది. కస్టమర్ ముందు వాషర్‌లో వేస్తాడు, అది కక్కుతుంది. విసుక్కుని జేబులో పెట్టుకుంటాడు. ముప్పావు గంట తర్వాత అదే బిళ్ల డ్రైయర్‌లో వేస్తాడు. అది తీసుకుంటుంది. మళ్లీ సాయంత్రం తొట్టిలోకి. పాత వాషర్లు ఉన్న రోజుల్లో ఈ తిరుగుడు ఉన్నా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ వాషర్లు కూడా అన్నీ మింగేసేవి. కొత్త వాషర్లు పెట్టాక గొడవ బయటపడింది.

ఊహ ఇది. రుజువు కావాలి కదా. వాళ్లావిడ దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ అడిగాను. ఇది నా తెలివేమీ కాదు. బార్లలో, లాండ్రీల్లో షాపు సొంత క్వార్టర్లకు ఎర్ర రంగు పూసి గుర్తు పెట్టుకోవడం ఈ దేశంలో పాత అలవాటు. టెస్ట్ చేయడానికి మెకానిక్‌కి ఇచ్చిన బిళ్లలు పెట్టె తెరిచాక వెనక్కి తీసుకోవడానికి ఆ గుర్తు. ఒక రోల్, అంటే 40 కెనడా బిళ్లలకు అంచు మీద చిన్న చుక్క పెట్టి తొట్టిలో పోసి, వారం ఆగి అన్ని పెట్టెలూ విడివిడిగా తెరిపించాను. చుక్క బిళ్లల్లో సగానికి పైగా డ్రైయర్ల పెట్టెల్లో ఉన్నాయి. వాషర్ల పెట్టెల్లో ఒక్కటీ లేదు. కొన్ని కాఫీ డబ్బాలోకి చేరాయి. మిగిలినవి కస్టమర్ల జేబుల్లో షాపు దాటిపోయాయి, అవి ఊళ్లో తిరుగుతుంటాయి. బయటి నుంచి కొత్తగా వచ్చేవి కొన్నే. ఉన్నవే తిరుగుతున్నాయి. ఒక బిళ్ల నెలలో నాలుగైదుసార్లు కనిపిస్తే ఓనర్ కంటికి నాలుగైదు బిళ్లలు వచ్చినట్టే ఉంటుంది.

ఇక బ్యాంకు లెక్క. దాని గురించి ఓనర్ చాలాకాలంగా గొణుగుతున్నారు, డిపాజిట్ ఎప్పుడూ కొంచెం తక్కువగా పడుతోందని. ఆయన క్వార్టర్లను తూకం వేసి లెక్క కడతారు. ఇది మంచి పద్ధతే. వెయ్యి డాలర్ల క్వార్టర్లంటే 4000 బిళ్లలు, 22.68 కిలోలు, సరిగ్గా 50 పౌండ్లు. కానీ సంచిలో పరాయి బిళ్లలు ఉంటే తూకం, ఎంచడం రెండూ రెండు రకాలుగా తప్పుతాయి. ఉదాహరణకి 4000 బిళ్లల్లో 100 కెనడా ఉక్కువి ఉన్నాయనుకోండి. ఒక్కోటి 1.27 గ్రాములు తక్కువ కాబట్టి తూకం 127 గ్రాములు తగ్గుతుంది, అంటే 5 డాలర్ల 60 సెంట్లు. తూకంలో 994 డాలర్ల పైన చూపిస్తుంది. బ్యాంకు మెషీన్ ఆ వందనీ పక్కకు నెట్టి 975 డాలర్లే జమ చేస్తుంది. తేడా 19 డాలర్ల చిల్లర. ఓనర్ దృష్టిలో అది బ్యాంకు తప్పు, బ్యాంకు దృష్టిలో ఓనర్ తప్పు. నిజానికి ఎవరిదీ కాదు. తూకం వేసే ముందు వాటిని ఏరేస్తే సరి.

ఏరడం ఎలా? అందరూ చెప్పే చిట్కా తల ఎటు తిరిగి ఉందో చూడమని. అమెరికా బిళ్ల మీద వాషింగ్టన్ ఎడమకు చూస్తాడు, కెనడా బిళ్ల మీద ఎలిజబెత్ రాణి కుడికి చూస్తుంది. చాలా ఏళ్లు ఇది పనిచేసింది. 2022 నుంచి పేరున్న అమెరికా మహిళల గౌరవార్థం ఒక వరస క్వార్టర్లు వచ్చాయి, వాటి మీద వాషింగ్టన్ కుడికి తిరిగాడు. 2023 చివర్లో కెనడా బిళ్లల మీద చార్లెస్ రాజు వచ్చాడు, ఆయన ఎడమకు చూస్తున్నాడు. చిట్కా పూర్తిగా తారుమారైంది. ఇప్పటికీ దాన్ని నమ్మి ఏరేవాళ్లు మంచి క్వార్టర్లను పక్కన పెట్టేస్తున్నారు.

అయస్కాంతం ఇంకా నమ్మదగ్గది. కెనడా ఉక్కు బిళ్లలు అంటుకుంటాయి. 1968 నుంచి 1999 వరకు వచ్చిన నికెల్ బిళ్లలూ అంటుకుంటాయి, నికెల్‌కి ఆ గుణం ఉంది. అమెరికా క్వార్టర్ ఏదీ అంటుకోదు. ఒక ట్రేలో పరిచి పైన పెద్ద అయస్కాంతం ఆడిస్తే కెనడావి ఎగిరి పట్టుకుంటాయి. ఈ డబ్బాలో పాత నికెల్ బిళ్లలు నేననుకున్నదానికన్నా ఎక్కువ ఉన్నాయి. కారణం ఉంది. కెనడా టంకశాల చాలా ఏళ్లుగా పాత నికెల్ బిళ్లలను తన దేశంలో చలామణీ నుంచి ఏరి కరిగించుకుంటోంది. నది ఇవతల చిక్కుకున్న బిళ్లలకు ఆ ఏరివేత తగలదు. వాటిలో 1973 నాటి గుర్రం మీద పోలీసు బిళ్ల కనబడితే నాకు సరదా. వాళ్ల మౌంటెడ్ పోలీసు దళానికి వందేళ్లు నిండిన సంవత్సరం అది.

2004 గసగసాల పువ్వు బిళ్ల కూడా ఒకటి ఉంది, ఎర్ర రంగు సగం చెరిగిపోయి. చలామణీలోకి వచ్చిన మొట్టమొదటి రంగుల నాణెం అదే. దాన్ని చూసిన కొందరు అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లు లోపల గూఢచారి పరికరం ఉందేమోనని భయపడి రిపోర్టు రాశారు. 2007లో ఈ సంగతి వార్తల్లోకి వచ్చి నవ్వులపాలైంది. యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా కెనడా వేసిన పువ్వు అది.

అయస్కాంతానికి అంటకుండా ట్రేలో మిగిలినవే నాకు ఆసక్తి. అందులో మంచి అమెరికా బిళ్లలు కొన్ని ఉంటాయి, వంగినవి, జిగురంటినవి. వాటితో పాటు వెండివి. కెనడా క్వార్టర్ 1920 నుంచి 1966 వరకు 80 శాతం వెండి, 5.83 గ్రాములు. 1967లో కొన్ని 80 శాతం, కొన్ని 50. 1968లో మొదట 50 శాతం వెండి, ఆ ఏడే నికెల్‌కి మారిపోయింది. అందుకే 1968 బిళ్ల దొరికితే తేదీ చూసి ఊరుకోకూడదు, అయస్కాంతం పెట్టాలి. అంటుకుంటే నికెల్, అంటుకోకపోతే వెండి. ఈ డబ్బాలో 1967 బిళ్ల ఒకటి వచ్చింది, కారిబూకి బదులు అడవి పిల్లి బొమ్మతో. దాంట్లో 80 శాతమా, 50 శాతమా అన్నది తేలిగ్గా తేలదు. రెండూ ఒకే బరువు, ఒకే సైజు. అలాగే 1965కి ముందు నాటి అమెరికా వెండి క్వార్టర్ ఒకటి, 6.25 గ్రాములు, 90 శాతం వెండి. అది పరాయి దేశానిది కాకపోయినా, నమూనాతో సిగ్నల్ కలవక వాషర్ వద్దంది. ఎవరో విసుగ్గా గిన్నెలోనే వదిలేసి పోయారు. కౌంటర్ మీద గుప్పెట్లో వచ్చే చిల్లరలో వెండి వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మెషీన్లు తిరస్కరించే గిన్నెల్లో చూడండి, గల్లాలో కన్నా అక్కడ ఎక్కువ దొరుకుతాయి.

బెర్ముడా 25 సెంట్లు ఒకటి, బహామాస్ 25 సెంట్లు ఒకటి దొరికాయి. ఒకదాని మీద పొడుగు తోక పక్షి, ఇంకోదాని మీద తెరచాప పడవ. ఆ రెండు దేశాల డాలర్లూ అమెరికా డాలర్‌తో సమానంగా కట్టేసి ఉంటాయి, అక్కడ రెండు డబ్బులూ కలిసే తిరుగుతాయి. క్రూజ్ షిప్ ఎక్కి వెళ్లొచ్చినవాళ్లు జేబులో వాటిని మోసుకొస్తారు. ఇవి రాగి-నికెల్ ముద్దలు, నడుమ రాగి పొర లేదు, అందుకే వాషర్ ఆపింది.

పనామా బిళ్ల మాత్రం డబ్బాలో దొరకలేదు. అది వాషర్ పెట్టెలోనే దొరికింది. పనామాలో 1904 నుంచి అమెరికా డాలరే నోటు. చిల్లర మాత్రం సొంతంగా వేసుకుంటుంది, అది కూడా అమెరికా క్వార్టర్ కొలతలతో, అదే పొరల లోహంతో. చాలావాటిని వేసిందే అమెరికా టంకశాల. మీద వాషింగ్టన్‌కి బదులు స్పెయిన్ అన్వేషకుడు బల్బోవా. అయస్కాంతం, తూకం, నమూనా సిగ్నల్, ఏ పరీక్షా దాన్ని ఆపలేదు. విలువ కూడా 25 సెంట్లే కాబట్టి ఎవరికీ నష్టం లేదు. బ్యాంకు మెషీన్ కూడా దాన్ని క్వార్టర్‌గానే లెక్కేస్తుంది.

మన బిళ్లలు? ఉన్నాయి, కానీ కాయిన్ పెట్టెల్లో కాదు, డ్రైయర్ నూగు తట్టల్లో. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో హైదరాబాద్, విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది. జీన్స్ జేబులో మర్చిపోయిన రూపాయిలు, రెండ్రూపాయలు డ్రమ్ములో గిరగిరా తిరిగి కిందికి జారతాయి. పాత స్టీలు రూపాయి, 2011లో వచ్చిన రకం రెండు రూపాయలు రెండూ 25 మిల్లీమీటర్లు. క్వార్టర్ సందులో పట్టవు. ఆ బిళ్లలు ఇక్కడి మెషీన్లని ఇబ్బంది పెట్టని కారణం ముప్పావు మిల్లీమీటరు.

చేసిన పని పెద్దదేం కాదు. డ్రైయర్ల మెకానిజాలు ఒక్కోటి విప్పి, నూగు గీకి, అయస్కాంతాలు తుడిచి, మరలు బిగించి, ఒక కెనడా బిళ్లా ఒక అమెరికా బిళ్లా మార్చి మార్చి దొర్లించి సందు సరిచేశాను. రెండింటిలో మరల పళ్లు అరిగిపోయాయి, వాటికి మెకానిజమే మార్చాం. ఎక్కువ ఫలితం ఇచ్చింది మాత్రం తొట్టి ముందు పెట్టిన జల్లెడ. ఒక అల్యూమినియం ప్లేటుకి 24 మిల్లీమీటర్ల కన్నా వెంట్రుకవాసి ఎక్కువగా వరసగా రంధ్రాలు వేయించాం. బిళ్లలు పోసి ఊపితే కెనడావి కిందికి రాలతాయి, అమెరికావి పైనే ఉంటాయి. ఆ తర్వాత అయస్కాంతం ఒకసారి. పెట్టెల డబ్బు తొట్టిలోకి గానీ తూకానికి గానీ ఈ రెండూ దాటాకే వెళ్తుంది. కొన్ని వారాల్లో వాషర్ల దగ్గర గొడవలు దాదాపు ఆగిపోయాయి, బ్యాంకు తేడా కూడా.

ఏరిన కెనడా బిళ్లలను ఏం చేయాలన్నది మిగిలింది. అమెరికా బ్యాంకులు మామూలుగా పరాయి నాణేలు తీసుకోవు, నోట్లయితేనే. విండ్సర్ వెళ్లినప్పుడు అక్కడే ఖర్చుపెట్టడం తేలిక. కాకపోతే కెనడా చట్టం ప్రకారం ఒక కొనుగోలుకి 25 సెంట్ల బిళ్లలు 10 డాలర్ల వరకే చెల్లుతాయి, అంటే ఒక రోల్. దుకాణదారు ఒప్పుకుంటే ఎక్కువ ఇవ్వచ్చు, ఒప్పుకోవాలని లేదు. వాళ్లమ్మాయి విండ్సర్‌లో చదువుతోంది, రోల్ చొప్పున ఆమెకిచ్చి పంపుతున్నారు. వెండివి వాళ్లావిడ విడిగా దాచారు. పాత డ్రైయర్లన్నిటికీ ఎలక్ట్రానిక్ యాక్సెప్టర్లు పెడదామంటే ఖర్చు చూసి ఓనర్ వాయిదా వేశారు. వచ్చే ఏడాది కార్డ్ రీడర్లు పెట్టే ఆలోచనలో ఉన్నారు, అప్పటిదాకా సాయంత్రం జల్లెడ పట్టడమే.